వైఫై మీద సగం ఆర్టికల్స్ తెరుచుకోవు, తెల్ల పేజీ. మొబైల్ డేటాలో మాత్రం వస్తున్నాయి – ఏది మొదలు చూడాలి?

1. తిరుచానూరు_వాణి

ఇంట్లో ఫైబర్ నెట్. పోయిన వారం ఓఎన్‌టీని (కంపెనీ ఇచ్చిన ఫైబర్ పెట్టె) బ్రిడ్జి మోడ్‌లో, అంటే లైను దాటించే పని మాత్రమే చేసేట్టు పెట్టించి, మేం కొన్న రూటరు దానికి తగిలించాం. అప్పట్నుంచీ ఇదే తంతు. గూగుల్ సెర్చ్ దబ్బున వస్తుంది, యూట్యూబ్ ఆగకుండా ఆడుతుంది, వాట్సాప్ మెసేజీలు పోతున్నాయి. వార్తల సైట్లలో ఆర్టికల్ మీద నొక్కితే మాత్రం ట్యాబులో చక్రం తిరుగుతా ఉంటుంది, కింద తెల్ల పేజీ. కాసేపటికి సైటు జవాబివ్వడానికి చాలా సమయం తీసుకుంటోందని వస్తుంది. అదే లింకు మొబైల్ డేటా మీద వెంటనే తెరుచుకుంటుంది. ఫోన్ని వైఫైకి మారిస్తే మళ్ళీ తెల్ల పేజీ. రెండు లాప్‌టాపుల్లోనూ అంతే. కస్టమర్ కేర్ వాళ్ళు వాళ్ళ స్పీడ్ టెస్ట్ చేయమన్నారు. 100 ప్లానుకు డౌన్‌లోడ్ 94 వచ్చింది, "మా వైపు అంతా బాగుంది" అని కంప్లైంటు మూసేశారు. పాప గ్రూప్-2కి చదువుతోంది, కరెంట్ అఫైర్స్ ఆర్టికల్స్ అన్నీ ఆ చిన్న ఫోన్లోనే చదవాల్సి వస్తోంది.

2. అలిపిరి_సీను

కాష్, కుకీలు, హిస్టరీ అన్నీ తుడిచేయండక్కా. రూటరు ఆపి ఆన్ చేయండి. చానా మటుకు దాంతోనే సరిపోతాది.

3. రేణిగుంట_రూటర్

సీనూ, అన్నీ తుడిచేయమని మాత్రం చెప్పొద్దు. ఫోనూ, రెండు లాప్‌టాపులూ ఒకే తీరుగా ఆగిపోతున్నాయంటే తప్పు ఏ ఒక్క బ్రౌజరు కాష్‌లోనూ ఉండదు. ఊరికే కుకీలన్నీ తుడిస్తే మెయిల్, డిజీలాకర్, అప్లికేషన్ సైట్లు అన్నిట్లోంచీ బయటికి వచ్చేస్తారు, మళ్ళీ పాస్‌వర్డులూ ఓటీపీలూ.

వాణి గారూ, నాలుగు సంగతులు చెప్పండి. ఎర్రర్ పేజీలో అడుగున బూడిద రంగులో చిన్న అక్షరాలతో ఒక కోడ్ ఉంటుంది, అది ఉన్నదున్నట్టు. చక్రం తిరిగేటప్పుడు లాప్‌టాప్ క్రోమ్‌లో కింద ఎడమ మూల ఏం రాస్తోంది. రూటర్లో వాన్ (బయటి నెట్) పేజీలో కనెక్షన్ రకం పీపీపీఓఈనా (యూజర్ నేము, పాస్‌వర్డుతో కలిసేది), డైనమిక్ ఐపీనా, అక్కడే ఎంటీయూ (ఒకసారి పంపగల డేటా ముక్క, అంటే ప్యాకెట్, గరిష్ఠ సైజు) అని ఉన్న చోట అంకె ఎంత. ఆఖరుది, ఆన్‌లైన్ ఫారాల్లో ఫోటో అప్‌లోడ్ చేస్తే పోతోందా, మధ్యలో నిలుస్తోందా.

4. కొర్లగుంట_నెట్

నాకైతే డీఎన్ఎస్ (సైటు పేరుకు ఐపీ అంకెలు వెతికిపెట్టేది) అనిపిస్తాంది. రూటర్లో 1.1.1.1, 8.8.8.8 పెట్టి చూడండి. ఫోన్లో సెట్టింగ్స్‌లో ప్రైవేట్ డీఎన్ఎస్ అని ఉంటాది, ఆండ్రాయిడ్ 9 నుంచీ ఉంది. అందులో అంకెలు కొడితే తీసుకోదు, పేరే కావాలి. "డీఎన్ఎస్ డాట్ గూగుల్" అని ఇంగ్లీషులో కొట్టండి.

5. రేణిగుంట_రూటర్

మారిస్తే నష్టం లేదు, కానీ లక్షణం అది కాదు. డీఎన్ఎస్ పోతే సైటు చిరునామానే దొరకదు. పేజీ అంతసేపు తిరగదు, తొందరగానే "డీఎన్ఎస్ ప్రోబ్" అని మొదలయ్యే కోడ్ పడుతుంది. ఊహించే పని కూడా లేదు. కమాండ్ ప్రాంప్ట్‌లో ఎన్ఎస్‌లుకప్ అని కొట్టి, ఖాళీ వదిలి, సైటు పేరు ఇవ్వండి. తర్వాత అదే కమాండ్ చివర ఇంకో ఖాళీ వదిలి 1.1.1.1 చేర్చి కొట్టండి. మొదటిదానికి జవాబు రాకుండా రెండోదానికి వస్తే తప్పు నెట్ కంపెనీ డీఎన్ఎస్‌దే. రెండింటికీ ఐపీలు వస్తే డీఎన్ఎస్‌ను వదిలేయండి.

6. గుడిపాల_బార్డర్

వైఫై లేని మా మాదిరోళ్ళకు ఇంకో కారణం ఉంది, పనిలో పనిగా చెప్తా. చిత్తూరు నుంచి వేలూరు రోడ్డులో పోతా ఉంటే ఫోను తమిళనాడు టవర్ పట్టుకుంటాది. పైన సిగ్నల్ పక్కన ఇంగ్లీషు "ఆర్" అక్షరం పడితే అదే గుర్తు. సిగ్నల్ గీతలు నిండుగా ఉంటాయి, ఫోన్ కాల్ కలుస్తాది, ఏ పేజీ మాత్రం రాదు. మొబైల్ నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో డేటా రోమింగ్ ఆపి ఉంటే ఇట్లా అవుతాది. ఆన్ చేసుకోండి, దేశం లోపల వాడేది మీ ప్యాకులో డేటానే. నగరి, పుత్తూరు వైపు వాళ్ళు కూడా చూసుకోండి. విదేశానికి పోయేటప్పుడు మాత్రం తప్పకుండా ఆపేయండి.

7. పాకాల_జంక్షన్

అమ్మ ఫోన్ ఆండ్రాయిడ్ 6. కొన్ని సైట్లు తెరిస్తే "మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు" అంటుంది. తేదీ, టైము సరిగ్గానే ఉన్నాయి. ఇదీ నెట్ సమస్యేనా?

8. శేషాచలం_77

కాదు, అది ఫోన్ వయసు. సైట్లకు ఉచితంగా సర్టిఫికెట్లిచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ వాళ్ళు ఆధారపడిన పాత రూట్ (ఫోను ముందే నమ్మే మూల సర్టిఫికెట్) ఒకటి 2021 సెప్టెంబరు 30న గడువు తీరింది. వాళ్ళ కొత్త రూట్ పేరు ఐఎస్ఆర్‌జీ రూట్ ఎక్స్1. అది ఆండ్రాయిడ్ 7.1.1 నుంచే ఫోన్లో ముందుగా ఉంటుంది. అంతకన్నా పాత ఫోన్ల కోసం మధ్యలో ఒక వంతెన సర్టిఫికెట్ నడిపారు, దాని గడువూ 2024 సెప్టెంబరు 30తో అయిపోయింది. అందుకే ఆ సర్టిఫికెట్ వాడే సైట్లన్నీ అమ్మగారి ఫోన్లో ఆగిపోతాయి, వేరే కంపెనీ సర్టిఫికెట్ ఉన్నవి మామూలుగా వస్తాయి.

తేలిక దారి ఫైర్‌ఫాక్స్. అది ఫోన్లో ఉన్న రూట్ల జాబితాను నమ్ముకోదు, తన జాబితా తనతో తెచ్చుకుంటుంది. కొత్త వెర్షన్లు ఆండ్రాయిడ్ 6కి రావు, ప్లేస్టోర్ ఆ ఫోనుకు సరిపడే ఆఖరి వెర్షన్ ఇస్తే చదువుకోవడానికి చాలు. రెండో దారి, లెట్స్ ఎన్‌క్రిప్ట్ సైటు నుంచి ఆ రూట్ ఫైలు దించి, సెట్టింగ్స్, సెక్యూరిటీ, ఇన్‌స్టాల్ ఫ్రమ్ స్టోరేజ్‌లో ఎక్కించడం. స్క్రీన్ లాక్ పిన్ పెట్టమంటుంది, పెట్టాలి. ఆ తర్వాత క్రోమ్ కూడా ఒప్పుకుంటుంది. ఆ ఫైలు మాత్రం వాళ్ళ అసలు సైటు నుంచే తీసుకోండి, వాట్సాప్‌లో ఎవరో పంపింది ఎక్కించొద్దు. తప్పుడు రూట్ ఎక్కిందంటే మీరు చూసే ప్రతి సైటునూ ఇంకొకరు మధ్యలో కూర్చుని చదవగలరు. ఇంకోటి, అంత పాత ఫోన్లో బ్యాంకు పనులు పెట్టుకోకండి. ఆర్టికల్స్ చదవడం వరకే.

9. అలిపిరి_సీను

డెస్క్‌టాప్‌లో అదే మెసేజ్ వచ్చి, తేదీ ఎప్పటిదో పాతది చూపిస్తా ఉంటే మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయినట్టు. సీఆర్ 2032, 3 వోల్టులది. కరెంటు తీసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతాది, సర్టిఫికెట్లన్నీ తప్పుగా కనిపిస్తాయి. ప్లగ్ పీకి, పాతది క్లిప్పు నొక్కి తీసి, రాత ఉన్న వైపు పైకి పెట్టి కొత్తది నొక్కితే చాలు. ఆ తర్వాత తేదీ ఒక్కసారి సరిచేసుకోవాలి.

10. తిరుచానూరు_వాణి

రేణిగుంట గారూ, అడిగినవి. కోడ్ "ఎర్ర్ టైమ్‌డ్ అవుట్". మూలన "సురక్షిత కనెక్షన్ ఏర్పాటవుతోంది" అన్న అర్థంతో ఇంగ్లీషులో వస్తోంది, అక్కడే నిలిచిపోతోంది. కనెక్షన్ రకం పీపీపీఓఈ. ఎంటీయూ 1500. రూటరు బిగించిన అబ్బాయి, ఎక్కువ ఉంటే స్పీడు ఎక్కువ వస్తుందని తనే మార్చాడు. ఫోటో అప్‌లోడ్ కూడా నిలిచిపోతోంది, పాప నిన్న రాత్రి ఫోన్ డేటా హాట్‌స్పాట్ పెట్టి అప్లికేషన్ పంపింది.

11. రేణిగుంట_రూటర్

దొరికింది. పీపీపీఓఈకి 1500 పెట్టడమే తప్పు. ఈథర్‌నెట్‌లో ఒక ప్యాకెట్‌కు చోటు 1500 బైట్లు. పీపీపీఓఈ తన తల కోసం అందులోంచి 8 తీసుకుంటుంది, మిగిలేది 1492.

నా మాట మీద మార్చొద్దు, ముందు కొలవండి. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇంగ్లీషు అక్షరాలతో ఇట్లా కొట్టాలి: పింగ్, ఖాళీ, మైనస్ గుర్తుతో ఎఫ్, ఖాళీ, మైనస్ గుర్తుతో ఎల్, ఖాళీ, 1472, ఖాళీ, 1.1.1.1. ఎఫ్ అంటే ప్యాకెట్‌ను ముక్కలు చేయొద్దని, ఎల్ అంటే ఎంత పెద్దదని. జవాబు రాకపోతే 1464తో కొట్టండి. దానికి వస్తే 1465తో కూడా కొట్టండి. జవాబొచ్చిన పెద్ద అంకెకు 28 కలిపితే మీ లైను అసలు ఎంటీయూ. ఆ 28లో 20 ఐపీ తలకు, 8 పింగ్ తలకు.

జవాబు రానప్పుడు ఏ మాట వచ్చిందో కూడా రాయండి. "ముక్కలు చేయాలి" అన్న అర్థంలో వస్తే రూటరుకు తన హద్దు తెలుసు. ఊరికే "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్" వస్తే ప్యాకెట్ దారిలో చడీచప్పుడు లేకుండా పోతోంది.

12. కొర్లగుంట_నెట్

అదే అయితే గూగుల్, యూట్యూబ్ కూడా ఆగాల గదన్నా? స్పీడ్ టెస్ట్ 94 ఎట్లా వచ్చింది?

13. రేణిగుంట_రూటర్

అడగాల్సిన ప్రశ్న. బ్రౌజరు ఒక సైటును పిలిచేటప్పుడు మొదటి ప్యాకెట్లు చిన్నవి. అవి పోతాయి, టీసీపీ (రెండు వైపుల మధ్య లంకె) కలుస్తుంది. ఆ కలిసేటప్పుడే మన వైపు నుంచి "ఒక్కో ప్యాకెట్‌లో 1460 బైట్ల సరుకు తీసుకోగలం" అని చెప్తాం. సైటు సర్వరు దాన్ని నమ్మి తన సర్టిఫికెట్‌ను నిండు ప్యాకెట్లలో పెట్టి పంపుతుంది. అవి నెట్ కంపెనీ దగ్గర పీపీపీఓఈ ద్వారంలో పట్టవు. రైల్వే అండర్‌బ్రిడ్జి ముందు ఎత్తు కమ్మీకి తగిలి లారీ ఆగినట్టు అక్కడే ఆగిపోతాయి, బైకులు మాత్రం పోతానే ఉంటాయి. అందుకే వాణి గారికి "సురక్షిత కనెక్షన్" దగ్గరే నిలిచిపోతోంది. టీసీపీ కూడా కలవకపోయి ఉంటే కోడ్‌లో "కనెక్షన్ టైమ్‌డ్ అవుట్" అని ఉండేది, ఆమె రాసిన దాంట్లో కనెక్షన్ అన్న మాట లేదు చూడు.

మామూలుగా ఆ ద్వారం దగ్గరున్న రూటరు "ఇంత పెద్దది పట్టదు, చిన్నది పంపు" అని ఐసీఎంపీ సందేశం వెనక్కి పంపుతుంది. చాలా సైట్ల ముందున్న ఫైర్‌వాల్ ఐసీఎంపీ మొత్తాన్నీ అడ్డుకుంటుంది. సర్వరుకు కబురు అందదు, అదే పెద్ద ప్యాకెట్ మళ్ళీ మళ్ళీ పంపుతుంది.

గూగుల్, యూట్యూబ్ క్రోమ్‌లో ఎక్కువగా క్విక్ అనే పద్ధతిలో వస్తాయి. అది యూడీపీ మీద నడుస్తుంది, 1200 బైట్ల పైచిలుకు ప్యాకెట్లతో మొదలుపెడుతుంది, కాబట్టి ఇరుక్కోదు. స్పీడ్ టెస్ట్ సర్వరు కంపెనీ సొంత నెట్‌వర్కు లోపలే ఉంటే మధ్యలో ఆ సందేశాన్ని మింగే ఫైర్‌వాల్ ఉండదు, డౌన్‌లోడ్ నిండుగా వస్తుంది. 94 చూసి లైను బాగుందని తేల్చడం అందుకే సరికాదు.

14. తిరుచానూరు_వాణి

1472కి నాలుగుసార్లూ "రిక్వెస్ట్ టైమ్‌డ్ అవుట్". 1464కి నాలుగింటికీ జవాబు వచ్చింది. 1465కి మళ్ళీ టైమ్‌డ్ అవుట్.

15. రేణిగుంట_రూటర్

1464కి 28 కలిపితే 1492. ఇంక అనుమానం లేదు.

రూటరు పేజీలో వాన్ సెట్టింగ్స్‌కు పోయి ఎంటీయూ 1492 చేయండి. "ఎంఎస్ఎస్ క్లాంపింగ్" అని ఎక్కడైనా టిక్కు పెట్టేది ఉంటే పెట్టండి. అంకె అడిగితే 1452, అంటే 1492లోంచి 40 తీసేసింది. సేవ్ చేసి, పీపీపీఓఈని డిస్‌కనెక్ట్ చేసి మళ్ళీ కనెక్ట్ చేయండి, లేకపోతే పాత అంకెతోనే నడుస్తుంది. క్లాంపింగ్ చేసే పని ఒకటే: మనం చెప్పే ఆ 1460ని (దాని పేరే ఎంఎస్ఎస్) దారిలోనే 1452గా దిద్దుతుంది. ఇంట్లో ఒక్కో ఫోన్లో ఏమీ మార్చక్కర్లేదు.

రూటరు పేజీ మీ చేతిలో లేని వాళ్ళకు లాప్‌టాప్‌లో మార్చే దారి కూడా ఉంది. నెట్‌ఎస్‌హెచ్ కమాండుతో వైఫై ఇంటర్‌ఫేస్ ఎంటీయూ 1492 చేయొచ్చు. దాంతో ఆ ఒక్క లాప్‌టాప్ బాగవుతుంది, ఫోన్లు అట్లాగే ఉంటాయి. రూటర్లో మార్చడమే మేలు.

16. కాణిపాకం_కిట్టు

ఐపీవీ6 (కొత్త తరం ఐపీ అడ్రసులు) ఆపేస్తే కూడా ఇట్లాంటివి పోతాయి. నేను ఏ రూటరు చూసినా మొదట అదే ఆపేస్తా.

17. శేషాచలం_77

కిట్టూ, అది సరికాదు. మన దగ్గర మొబైల్ నెట్‌వర్కుల్లో ఐపీవీ6 మామూలైపోయింది, ఇంటి లైన్లలోనూ వస్తోంది. ఆపేస్తే అందరితో పంచుకునే ఐపీవీ4 ఒక్కటే మిగులుతుంది, దాని తంటా వేరే ఉంది. ఐపీవీ6లో తల 40 బైట్లు, టీసీపీకి ఇంకో 20, కాబట్టి 1492 లైను మీద ఎంఎస్ఎస్ 1432 ఉండాలి. కొన్ని రూటర్లు ఐపీవీ4కి క్లాంప్ చేసి ఐపీవీ6ని వదిలేస్తాయి. అప్పుడు ఐపీవీ6 ఉన్న సైట్లే ఆగుతాయి, ఆపేస్తే బాగైనట్టు కనిపిస్తుంది. పైగా ఐపీవీ6లో దారిలోని రూటర్లు ప్యాకెట్‌ను ముక్కలు చేయవు. అందుకే ఐసీఎంపీవీ6ని ఫైర్‌వాల్‌లో అడ్డుకుని ఉంటే అది తీసేయాలి. పరీక్ష కోసం పది నిమిషాలు ఆపి చూడు, తేడా కనిపిస్తే కారణం వెతుకు, తర్వాత మళ్ళీ ఆన్ చెయ్.

18. తిరుచానూరు_వాణి

వచ్చేసింది! ఎంటీయూ 1492, క్లాంపింగ్ టిక్కు, మళ్ళీ కనెక్ట్. అన్ని సైట్లూ ఒక్క దెబ్బతో తెరుచుకుంటున్నాయి, ఫోటో అప్‌లోడ్ కూడా. రేణిగుంట గారికి పాప తరఫున కూడా చాలా చాలా థాంక్స్.

మూడు లింకులు మాత్రం ఇంకా మొండికేస్తున్నాయి. ఒకటి నా లాప్‌టాప్ క్రోమ్‌లోనే తెల్లగా వస్తోంది, పాప లాప్‌టాప్‌లో బాగుంది. ఇంకోటి 403 అంటోంది, అంతకుముందు "మీరు మనిషేనా" అని టిక్కు అడుగుతోంది, పెట్టినా మళ్ళీ అడుగుతోంది. మూడోది తిరుపతి గురించి 2004 నాటి తెలుగు వ్యాసం, 404.

19. పుత్తూరు_పద్మ

మొదటిది బ్రౌజరు సంగతే, ఇక్కడ సీను అన్నది కొంత పనికొస్తుంది. కాకపోతే అన్నీ తుడవక్కర్లేదు. ముందు కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కి ఇన్‌కాగ్నిటోలో అదే లింకు తెరవండి. అందులో ఎక్స్‌టెన్షన్లు మామూలుగా పని చేయవు, పాత కుకీలు ఉండవు. అక్కడ బాగా వస్తే రెండే అనుమానాలు. యాడ్ బ్లాకర్ ఆ సైటు జావాస్క్రిప్టును ఆపుతూ ఉండాలి, లేదా సైటు పాత సర్వీస్ వర్కర్ మీ లాప్‌టాప్‌లో మిగిలిపోయి ఉండాలి. సర్వీస్ వర్కర్ అంటే సైటు మీ బ్రౌజర్లో వదిలిపెట్టే చిన్న ప్రోగ్రాం, నెట్ లేనప్పుడు కూడా పేజీ చూపించడానికి పెడతారు. సైటు డిజైను మారాక పాతది అట్లాగే ఉండిపోతే తీసేసిన ఫైళ్ళను అడుగుతూ తెల్ల పేజీ చూపిస్తుంది. మామూలు రీఫ్రెష్‌కు పోదు.

అడ్రసు పట్టీ ఎడమ చివర గుర్తు నొక్కి, సైట్ సెట్టింగ్స్‌లో డిలీట్ డేటా కొట్టండి. ఆ ఒక్క సైటు సరుకే పోతుంది, సర్వీస్ వర్కర్‌తో సహా. పోకపోతే ఎక్స్‌టెన్షన్లు ఒక్కొక్కటే ఆపి చూడండి, అన్నీ ఒకేసారి ఆపితే ఏది కారణమో తెలీదు.

20. శేషాచలం_77

403 గురించి. అంటే సర్వరు మిమ్మల్ని లోపలికి రానివ్వనంటోంది. నెట్ కంపెనీలు ఒకే బయటి ఐపీని చాలా ఇళ్ళకు పంచుతాయి. రూటర్లో వాన్ ఐపీ 100.64 నుంచి 100.127 మధ్య మొదలైతే మీరు ఆ గుంపులో ఉన్నట్టే. ఆ గుంపులో ఎవరి కంప్యూటరో వైరస్ పట్టి సైట్ల మీద పడితే, కాపలా సర్వీసు ఆ ఐపీ మొత్తాన్నీ అనుమానిస్తుంది. మీ తప్పు ఏమీ లేదు. వీపీఎన్ ఉంటే తీసేయండి, వీపీఎన్ ఐపీల మీద అనుమానం ఇంకా ఎక్కువ. పీపీపీఓఈ తెంచి మళ్ళీ కలిపితే కొన్నిసార్లు వేరే ఐపీ వస్తుంది. టిక్కు మళ్ళీ మళ్ళీ అడుగుతోందంటే కుకీలు ఆపి ఉన్నాయేమో, లాప్‌టాప్ టైము తేడాగా ఉందేమో కూడా చూడండి.

21. కొర్లగుంట_నెట్

వీపీఎన్ పెడితే అన్నీ తెరుచుకుంటాయని చెప్పేవాళ్ళు చానామంది ఉన్నారు.

22. శేషాచలం_77

ఉచిత వీపీఎన్ వాడేవాళ్ళు తమ బ్రౌజింగ్ మొత్తాన్నీ ముక్కూమొహం తెలియని ఒక సర్వరు గుండా పంపుతున్నారని గుర్తుంచుకోవాలి. పరీక్ష అప్లికేషన్లు పెట్టే లాప్‌టాప్‌లో అసలు వద్దు.

23. యూనివర్సిటీ_గేటు

రీసెర్చ్ ఆర్టికల్స్ కూడా ఇంట్లో తెరుచుకోవని పీహెచ్‌డీ వాళ్ళు అడుగుతుంటారు. అది చెడిపోవడం కాదు, హక్కు సంగతి. క్యాంపస్ ఐపీ నుంచి వస్తేనే ప్రచురణకర్త పూర్తి పాఠం ఇస్తాడు. మీ యూనివర్సిటీ ఇన్‌ఫెడ్‌లో (విద్యాసంస్థల ఉమ్మడి లాగిన్ వ్యవస్థ) ఉంటే ఆర్టికల్ పేజీలో "ఇన్‌స్టిట్యూషన్ ద్వారా లాగిన్" నొక్కి, యూనివర్సిటీ పేరు ఎంచుకుని, లైబ్రరీ ఇచ్చిన యూజర్ నేముతో పోవచ్చు. 2025 జనవరి 1 నుంచి వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ కూడా మొదలైంది, 30 ప్రచురణ సంస్థల పత్రికలు ప్రభుత్వ విద్యాసంస్థలకు వస్తాయి. యూజర్ నేము లేకపోతే లైబ్రరీలో అడగండి, అది మీ హక్కు.

24. పాకాల_జంక్షన్

తిరుపతి స్టేషన్ వైఫైలో ఓటీపీ పేజీనే రాదు కొన్నిసార్లు. దానికేమైనా ఉందా?

25. రేణిగుంట_రూటర్

కనెక్ట్ అయ్యాక ఎస్ లేని హెచ్‌టీటీపీ అడ్రసు ఒకటి కొట్టాలి. "ఎగ్జాంపుల్ డాట్ కామ్" ముందు హెచ్‌టీటీపీ అని పెట్టి కొట్టండి చాలు. హెచ్‌టీటీపీఎస్ పేజీని వాళ్ళ లాగిన్ పేజీ వైపు మళ్ళించడం కుదరదు, అందుకే తెల్లగా ఆగుతుంది. కొర్లగుంట చెప్పిన ప్రైవేట్ డీఎన్ఎస్ పెట్టుకుని ఉంటే లాగిన్ అయ్యేదాకా ఆటోమేటిక్‌లో పెట్టండి, కొన్ని ఫోన్లలో అడ్డుపడుతుంది. రోజుకు 30 నిమిషాలు ఉచితం, ఆ తర్వాత ఆగిపోతే అది ఎర్రర్ కాదు.

26. పుత్తూరు_పద్మ

వాణి గారూ, మూడో లింకు. 404 అంటే సర్వరు బతికే ఉంది, ఆ పేజీ ఆ చోట లేదని. సైటు వాళ్ళు సాఫ్ట్‌వేర్ మార్చినప్పుడు పాత అడ్రసులు తెగిపోతాయి. గూగుల్ కాష్ లింకును 2024లో తీసేశారు, దానికోసం వెతక్కండి. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ళ వేబ్యాక్ మెషీన్‌లో అడ్రసు మొత్తం అతికించండి. క్యాలెండరు వస్తుంది, చుట్టూ రంగు సున్నా ఉన్న తేదీలు దాచినవి. ఆఖరు తేదీ కాకుండా వ్యాసం వచ్చిన రోజులకు దగ్గర్లో ఉన్నది నొక్కండి, చివరివి చాలాసార్లు ఆ 404 పేజీనే దాచి ఉంటాయి. ఏమీ రాకపోతే అడ్రసులో ప్రశ్నార్థకం నుంచి చివరిదాకా తీసేసి మళ్ళీ చూడండి.

27. తిరుచానూరు_వాణి

మొదటి లింకు డిలీట్ డేటాతో బాగైంది. వేబ్యాక్‌లో 2004 పేజీ కూడా దొరికింది! కానీ తెలుగు లేదు. యూరప్ భాషల్లో మాదిరి అక్షరాల మీద కొమ్ములూ చుక్కలూ, మధ్యలో కరెన్సీ గుర్తులూ. ఫోటోలు, హెడ్డింగు బొమ్మ మాత్రం సరిగ్గా ఉన్నాయి.

28. పాత_ఖతులు

అది చెడిపోలేదు, తెలుగే. ఈ పేజీలు ఒక్కొక్కటి దొరికినప్పుడల్లా దాచుకోవాలి, అప్పటి మన ఊళ్ళ సంగతులు చాలా వీటిల్లోనే ఉన్నాయి.

యూనికోడ్‌లో తెలుగుకు 1991 నుంచే చోటు ఉన్నా, 2000 ప్రాంతంలో మన పత్రికల సైట్లు దాన్ని వాడలేదు. ఎవరి ఖతి (ఫాంట్) వారిది. ఇంగ్లీషు, యూరప్ అక్షరాల స్థానాల్లో తెలుగు ముక్కలు పెట్టేవాళ్ళు, తలకట్టు ఒక చోట, కొమ్ము ఒక చోట, ఒత్తు ఇంకో చోట. పేజీతో పాటు ఈఓటీ అనే ఖతి ఫైలు వచ్చేది, ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ దాన్ని చదివి తెలుగు చూపించేది. క్రోమ్, ఫైర్‌ఫాక్స్‌లు ఈఓటీని ఎప్పుడూ చదవలేదు. ఎక్స్‌ప్లోరర్‌కు 2022 జూన్ 15తో సెలవిచ్చారు. ఎడ్జ్‌లో ఐఈ మోడ్ ఇంకా ఉంది, కానీ అప్పటి ఈఓటీ ఫైళ్ళను చాలామంది ఆ సైటు పేరుకు కట్టేసి తయారుచేశారు, వేబ్యాక్ అడ్రసు మీద అవి పలకవు.

చేయాల్సింది ఇదీ. వేబ్యాక్ పేజీలో కంట్రోల్, యు నొక్కండి, సోర్స్ వస్తుంది. కంట్రోల్, ఎఫ్‌తో ఫాంట్ అన్న మాట వెతికితే ఖతి పేరు కనిపిస్తుంది. ఆ పేరుతో టీటీఎఫ్ ఫైలు దొరికితే విండోస్‌లో ఎక్కించి బ్రౌజరు మూసి తెరవండి, పేజీ చాలావరకు తెలుగులోకి వచ్చేస్తుంది. రాకపోతే ఎన్‌కోడింగ్ తప్పుగా పట్టుకుంటోందని అర్థం. క్రోమ్‌లో ఎన్‌కోడింగ్ మార్చే మెనూ లేదు. ఫైర్‌ఫాక్స్‌లో ఆల్ట్ నొక్కితే వచ్చే వ్యూ మెనూలో రిపేర్ టెక్స్ట్ ఎన్‌కోడింగ్ ఉంది, అది నొక్కండి.

29. అలిపిరి_సీను

దీనికి పద్మ అని ఫైర్‌ఫాక్స్ ఎక్స్‌టెన్షన్ ఒకటి ఉండేది గదా, దానంతట అదే యూనికోడ్‌లోకి మార్చేది.

30. పాత_ఖతులు

ఉండేది, ఎంతో మేలు చేసింది. 2017 నవంబరులో ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి ఎక్స్‌టెన్షన్లన్నిటినీ ఆపేసింది, దాంతో అదీ కొత్త వెర్షన్లలో ఆగిపోయింది.

31. కాణిపాకం_కిట్టు

పేజీలో తెలుగు బదులు డబ్బాలు డబ్బాలుగా వస్తే కూడా ఇదేనా? ఐఫోన్ తెలుగు అక్షరానికి ఆగిపోయిందని అప్పట్లో విన్నా, అది కూడా ఖతేనా?

32. పాత_ఖతులు

డబ్బాలంటే పేజీ యూనికోడ్‌లోనే ఉంది, మీ దగ్గర ఖతి లేదు. పిచ్చి అక్షరాలంటే పేజీయే యూనికోడ్ కాదు. రెంటికీ మందు వేరు. విండోస్ 10, 11లో నిర్మల ఖతి ముందే ఉంటుంది కాబట్టి డబ్బాలు అరుదు. పేజీ గౌతమిని అడుగుతుంటే ఆప్షనల్ ఫీచర్స్‌లో తెలుగు సప్లిమెంటల్ ఫాంట్స్ ఎక్కించండి.

ఐఫోన్‌ది ఖతి కాదు, అక్షరాలను పేర్చే ప్రోగ్రాంలో తప్పు. 2018 ఫిబ్రవరిలో "జ్ఞా" రాయడంలో మధ్యన కనిపించని విడదీసే గుర్తు ఒకటి పడితే, అది కనిపించిన యాప్ అక్కడికక్కడే మూసుకుపోయేది. ఐఓఎస్ 11.2.6తో అదే నెలలో సరిచేశారు.

33. తిరుచానూరు_వాణి

సోర్స్‌లో ఖతి పేరు దొరికింది, టీటీఎఫ్ కూడా దొరికింది. ఎక్కించి తెరిస్తే వ్యాసం మొత్తం తెలుగులో వచ్చింది! కోనేరు గురించి రాసిన భాగం పాప నోట్సులో పెట్టుకుందామని కాపీ చేస్తే వర్డ్‌లో మళ్ళీ కొమ్ములూ చుక్కలే.

34. పాత_ఖతులు

కాపీలో పోయేది ఆ యూరప్ అక్షరాలే, తెలుగు రూపం ఖతి వల్ల కనిపిస్తోంది అంతే. వర్డ్‌లో ఆ ముక్కను ఎంచుకుని అదే ఖతి పెడితే ఆ లాప్‌టాప్‌లో చదవొచ్చు, ఇంకొకరికి పంపితే మళ్ళీ పోతుంది. అందుకని బ్రౌజర్లో కంట్రోల్, పి నొక్కి పీడీఎఫ్‌గా దాచండి. పీడీఎఫ్ లోపలే ఖతి కూడా కూర్చుంటుంది, ఏ ఫోన్లో తెరిచినా తెలుగే కనిపిస్తుంది. వెతకడానికి మాత్రం కుదరదు, కాబట్టి ఫైలు పేరులో వ్యాసం పేరూ, తేదీ యూనికోడ్ తెలుగులో కొట్టి పెట్టుకోండి. నోట్సుకు కావాల్సిన నాలుగు పేరాలు యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేసుకోవడమే నయం. మార్చే పరికరాలు ఉన్నాయి, కానీ ఖతికో పట్టిక కావాలి, వేరే ఖతి పట్టిక పెడితే ఒత్తులన్నీ తారుమారవుతాయి.

35. తిరుచానూరు_వాణి

పీడీఎఫ్ చేశాను, పాప ఫోన్లో తెలుగు చక్కగా వచ్చింది. టైపింగ్ రాత్రికి మొదలుపెడతాం. ఆ ఖతి పేరు, వేబ్యాక్ లింకు రెండూ మీకు మెసేజ్‌లో పంపాను పాత ఖతులు గారూ, మిగతా పేజీలు మీరు కూడా దాచండి.